మట్టి వాసనున్న గులాబీ: సీమ ఎండల్లో సెంటు ఎంచుకోవడం, పూసుకోవడం

గులాబీ సెంటు కావాలని అడిగితే అంగట్లో ముందుగా చేతికిచ్చేది తియ్యటి రకమే. మూత తియ్యగానే రోజ్‌మిల్క్ గుర్తొస్తుంది. మగవాళ్లు ఒకసారి వాసన చూసి "ఇది ఆడోళ్లది" అని పక్కన పెడతారు. ఆడవాళ్లలో కూడా సగం మంది "పెండ్లిలో పన్నీరు చల్లినట్టుంది" అని మూత బిగిస్తారు. ఆ సెంటులో లోటు ఒకటే. పువ్వు ఉంది, కింద మట్టి లేదు.

అదే గులాబీ కింద వట్టివేరో, పచౌలీనో, గంధమో పడితే తీపి తగ్గి, వాసనకు బరువు వస్తుంది. అప్పుడది ఎవరు పూసుకున్నా నప్పుతుంది. మగ, ఆడ అనేది పెట్టె మీద కంపెనీ వేసే ముద్ర. మన పెండ్లిళ్లలో పన్నీరు బుడ్డితో చల్లేవాళ్లు మగా ఆడా చూసి చల్లరు, గంధం అందరి చేతులకూ పూస్తారు. కడప పెద్ద దర్గా చుట్టుపక్కల అంగళ్లలో గులాబీ అత్తరు అడిగేవాళ్లలో గడ్డాలు నెరిసిన పెద్దమనుషులే ఎక్కువ.

కొనేవాళ్లు మామూలుగా గులాబీతో మొదలుపెడతారు. నా సలహా తలకిందులు: ముందు మట్టిని ఎంచుకోండి, దాని మీదికి గులాబీని వెతకండి. గులాబీ వాసన మొదటి రెండు గంటలది. ఆ తర్వాత సాయంత్రం దాకా ఒంటి మీద మిగిలేది మట్టే.

ముందు మట్టి సంగతి

సెంట్లలో మట్టి వాసన అంటే ఒక్కటి కాదు. కనీసం అయిదారు రకాలున్నాయి, వాటిలో చాలావరకు మన ఇండ్లలో, చేలల్లో తెలిసినవే.

మొదటిది తొలకరి మట్టి. ఎండకు బీటలు వారిన నేల మీద మొదటి చినుకులు పడ్డప్పుడు లేచే వాసనకు 1964లో ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు పెట్రికోర్ అని పేరు పెట్టారు. అందులో ముఖ్యమైన పదార్థం జియోస్మిన్. నేలలో ఉండే స్ట్రెప్టోమైసెస్ అనే సూక్ష్మజీవులు దాన్ని తయారుచేస్తాయి. మనిషి ముక్కు దాన్ని ఎంత చిటికెడులోనైనా పసిగడుతుంది. బీట్‌రూట్‌లో మట్టి రుచి కూడా దాని పనే. అనంతపురం వైపు వేరుశనగ పీకిన రోజు చెట్టును దులపకముందు, కాయలకు అంటుకున్న తడి ఎర్రమట్టిని ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి. పైన పచ్చి ఆకు వాసన, కింద చల్లటి మట్టి, వెనకెక్కడో కొంచెం ఇనుము వాసన. మట్టి అత్తరు దానికి చాలా దగ్గరగా ఉంటుంది.

ఈ మట్టి అత్తరు ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో తయారవుతుంది. అక్కడి మట్టిని కాల్చి, ఆ పెంకుల్ని రాగి డేగిశాలో నీళ్లతో వేసి, మూతను మట్టితో మూసి, కింద మంట పెడతారు. లేచిన ఆవిరి వెదురు గొట్టం గుండా పోయి, నీళ్ల తొట్టిలో ముంచిన ఇంకో పాత్రలో చల్లబడుతుంది. ఆ రెండో పాత్రలో ముందే గంధం నూనె పోసి ఉంచుతారు. మట్టి వాసనంతా ఆ నూనెలోకి దిగుతుంది. గులాబీ అత్తరు కూడా ఇదే పద్ధతి, కాల్చిన మట్టికి బదులు తెల్లవారుజామున కోసిన పూలు వేస్తారు.

రెండోది వట్టివేరు. ఎండాకాలం తలుపులకు కట్టి నీళ్లు చల్లే వట్టివేళ్ల తడికలు చూసినవాళ్లకు దీని గురించి చెప్పనక్కర్లేదు. చల్లగా, కొంచెం పొగచూరినట్టు, కొంచెం పచ్చగా ఉంటుంది. సీమ ఎండకు గులాబీతో జత కట్టడానికి దీన్ని మించింది లేదని నా లెక్క.

మూడోది పచౌలీ. ఇది వేరు కాదు, ఆకు. ఎండబెట్టి నూనె తీస్తారు. తడిసిన కట్టెల కొట్టు, పాత పెట్టెలోని బట్టలు, కొంచెం చాక్లెట్ కలిసినట్టుంటుంది. గులాబీ, పచౌలీ జత పాశ్చాత్య సెంట్లలో ఎంత పాతుకుపోయిందంటే, "మట్టి గులాబీ" అని అమ్మే సీసాల్లో చాలావాటి కింద ఉండేది ఇదే. చలికాలం రాత్రికి బాగుంటుంది. మే నెల మధ్యాహ్నం పూసుకుంటే మాత్రం పక్కన కూర్చున్నవాళ్లు జరిగి కూర్చుంటారు.

తుంగముస్తలు సున్నిపిండిలో వేసేవాళ్లకు తెలుసు. పొలంలో తుంగను పీకలేక రైతు విసిగిపోతాడు గానీ, దాని దగ్గరి చుట్టమైన నాగర్‌మోతా వేళ్ల నుంచి తీసిన నూనెను సెంట్ల కంపెనీలు సిప్రియోల్ పేరుతో బాగానే కొంటాయి. పొగ, తోలు, పొడి మట్టి కలిసిన వాసన అది. అగరు వాసన రావడానికి కూడా దీన్ని కలుపుతుంటారు. ఇక బిర్యానీ మసాలాలో వేసే రాతిపువ్వును చేత్తో నలిపి వాసన చూడండి. యూరప్ సెంట్లలో వాడే ఓక్‌మాస్ కూడా ఆ జాతిదే, చెట్ల బెరడు మీద పెరుగుతుంది. కొందరి ఒంటికి పడదని ఇప్పుడు దాన్ని బాగా తగ్గించి వాడుతున్నారు.

గంధం మట్టిలాగా ఉండదు, పాలలాగా మెత్తగా ఉంటుంది. అయినా గులాబీని పట్టి ఉంచేది అదే. ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన పాలకొండలు, శేషాచలం అడవుల్లో పెరిగే ఎర్రచందనానికి చెప్పుకోదగ్గ వాసన లేదు. దాని విలువ రంగులో, కట్టెలో ఉంది. వాసనిచ్చేది శ్రీగంధం, అది వేరే చెట్టు. "మా కడప ఎర్రచందనం నుంచి తీసిన అత్తరు" అని ఎవరన్నా అమ్మజూపితే నవ్వి ఊరుకోండి.

తర్వాత గులాబీ

సెంట్లకు వాడే ముఖ్యమైన గులాబీ రోజా డమాసెనా. బల్గేరియాలో కజన్‌లక్ లోయ, టర్కీలో ఇస్పార్తా, సౌదీలో తాయిఫ్, మన దగ్గర కన్నౌజ్ చుట్టుపక్కల ప్రాంతాలు దీనికి పేరుపడ్డవి. మనం దండలకు కొనే గులాబీ వేరే రకం.

ఆవిరి పట్టి తీసిన నూనె పలచగా, కొంచెం నిమ్మ తొనలాగా, తేనె చుక్క వేసినట్టు ఉంటుంది. ఇంకో పద్ధతిలో ద్రావకం పోసి తీస్తారు, దాన్ని అబ్సల్యూట్ అంటారు. అది చిక్కగా, ముదురుగా ఉంటుంది. వట్టివేరు, మట్టి అత్తరు మీదికి మొదటిది, పచౌలీ, అగరు మీదికి రెండోది బాగా కుదురుతుంది. పెట్టె మీద ఈ వివరాలు అన్నిసార్లూ ఉండవు. ముక్కుతో గుర్తుపట్టడానికి ఒక దారి ఉంది. మొదటి వాసనలో పచ్చదనం, నిమ్మ తగిలితే ఆవిరి నూనె పోకడ. జామ్ సీసా మూత తీసినట్టుంటే రెండోది.

మనకు ఇంకో గులాబీ కూడా తెలుసు. పూలమ్మే అక్కలు గులాబీకి మరువమో దవనమో కలిపి కట్టిన దండ. ఆకుల చేదు, పువ్వు తీపి కలిసిన ఆ వాసన నచ్చినవాళ్లు సెంట్లలో దవనం పేరున్నవి వెతకొచ్చు. దవనం నూనెను పెద్ద కంపెనీలు కూడా వాడతాయి, ఆ పంటలో చాలాభాగం దక్షిణాదిదే.

ధర చూసి మోసపోకుండా

కిలో గులాబీ నూనెకు 3,500 నుంచి 4,000 కిలోల పూలు పడతాయి. అంటే గ్రాముకు మూడున్నర, నాలుగు కిలోలు. కిలో పూలు 100 రూపాయలే అనుకున్నా గ్రాము నూనెకు పూల ఖర్చే 350 నుంచి 400. కూలి, కట్టెలు వేరే. అసలు గంధం నూనె కిలో లక్ష రూపాయలు దాటుతుంది. కాబట్టి 3 మిల్లీలీటర్ల "ప్యూర్ గులాబ్" 100 రూపాయలకు వస్తోందంటే అందులో పూలు లేవు.

లేకపోతే పారేయాలా? అక్కర్లేదు. తయారుచేసిన గులాబీ వాసనలో చెడేమీ లేదు, బయట దొరికే స్ప్రేలలో చాలావరకు అదే. అసలు పేరు చెప్పి అసలు ధర తీసుకుని ఇది ఇస్తేనే బాధ. పామరోజా గడ్డి నూనెను గులాబీలో కలపడం కూడా చాలా పాత పని, రెండింటిలోనూ జెరానియాల్ అనే వాసన పదార్థం ఉంటుంది కాబట్టి ముక్కు ఇట్టే మోసపోతుంది.

చవక అత్తర్లలో గంధం బదులు పారాఫిన్ నూనె పోస్తారు. తెల్ల కాగితం మీద ఒక చుక్క వేసి, రెండు మూడు రోజులు గాలికి వదలండి. వాసనంతా పోయి జిడ్డు మరక అట్లనే ఉంటే పారాఫిన్ అని అనుమానించొచ్చు. గంధం నూనె కూడా నిదానంగానే ఆరుతుంది, కాబట్టి మరకతో పాటు వాసన ఉందా లేదా అని కూడా చూడాలి.

స్ప్రేలలో అయితే ఈడీటీ (ఓ ద టాయిలెట్) అని ఉంటే వాసన నూనెలు సుమారు 5 నుంచి 15 శాతం, ఈడీపీ (ఓ ద పర్ఫ్యూమ్) అంటే 15 నుంచి 20 శాతం ఉంటాయి. మట్టి గులాబీకి ఈడీపీ మంచిది, కింది వాసన నిలబడాలి కదా. బయటి దేశాల్లో ఈ రకానికి పేరుపడ్డవాటిలో లె లాబో కంపెనీ 2006లో తెచ్చిన రోజ్ 31, టామ్ ఫోర్డ్ 2007లో తెచ్చిన నువార్ ద నువార్ ఉన్నాయి. మొదటిదాంట్లో గులాబీకి జీలకర్ర, వట్టివేరు, దేవదారు తగిలించారు. రెండోదాంట్లో పచౌలీ, నేలలో పెరిగే ట్రఫుల్ పుట్టగొడుగు వాసన. రెండూ పది వేల రూపాయల పైమాటే. వాటి కోసం అప్పు చెయ్యమని నేను చెప్పను. 2, 5 మిల్లీలీటర్లు విడిగా పోసి అమ్మేవాళ్ల దగ్గర చిన్న సీసా తెప్పించుకుంటే ఈ జాతి వాసన ఎట్లా ఉంటుందో ముక్కుకు అర్థమవుతుంది.

అంగట్లో ఎట్లా చూడాలి

ఎండెక్కక ముందే పోండి. తలకు మల్లెపూలు, ఒంటికి ఇంకో సెంటు లేకుండా చూసుకోండి. కనకాంబరాలకు వాసన లేదు, అవి ఉంటే ఫర్వాలేదు.

"భాయ్, తియ్యటి గులాబ్ వద్దు. ఖస్ గానీ మిట్టీ గానీ కలిసింది చూపీ" అని అడిగితే అంగడాయనకు సులువు. అత్తరు అంగళ్లలో ఖస్ అంటే వట్టివేరు, మిట్టీ అంటే మట్టి అత్తరు, ఊద్ అంటే అగరు. 12 మిల్లీలీటర్ల సీసాను తులం అంటారు. మొదటిసారి పావు తులం, అంటే 3 మిల్లీలీటర్లు చాలు.

సీసా మూతి దగ్గర ముక్కు పెట్టొద్దు. కాగితం పట్టీల మీద అయిదారు చూసి, వాటిలో రెండు మాత్రమే ఒంటి మీదికి తీసుకోండి, ఎడమ చేతికొకటి, కుడి చేతికొకటి. ముక్కు అలసిపోతే కాఫీ గింజలు ఇస్తారు, వాటివల్ల పెద్ద ఉపయోగం లేదు. మోచేతి మడతలో మీ ఒంటి వాసననే రెండుసార్లు పీల్చండి, లేదా బయటికొచ్చి ఒక టీ తాగిరండి.

"అన్నా, ఇప్పుడే తీస్కో, మళ్లీ ఈ సరుకు రాదు" అంటారు. వస్తుంది. ఆ రోజు కొనకుండా ఇంటికి పోండి.

ఒంటి మీద ఒక పూట

స్ప్రేలో మొదటి పావుగంట ఆల్కహాలు, నిమ్మజాతి వాసనలే తెలుస్తాయి, వాటిని బట్టి తీర్పు చెప్పొద్దు. అరగంట నుంచి రెండు గంటల దాకా గులాబీ. నాలుగో గంట తర్వాత కింది మట్టి బయటపడుతుంది. ఆ నాలుగో గంట వాసన నచ్చితేనే కొనండి. అత్తరులో ఆల్కహాలు ఉండదు కాబట్టి మొదటి చిటపట ఉండదు, మొత్తం నిదానంగా విప్పుకుంటుంది.

ఈ పరీక్షను ఇంట్లో ఫ్యాను కింద చెయ్యొద్దు. మీరు మామూలుగా తిరిగే చోటే చెయ్యాలి. బండి మీద కడప ఏడురోడ్ల కూడలి దాకా పోయిరండి, బస్సెక్కండి, చెమట పట్టనివ్వండి. చెమట తగిలాక కొన్ని గులాబీలు పుల్లగా మారతాయి. జీలకర్ర కలిసినవైతే చెమట వాసనతో కలిసిపోయి, స్నానం చెయ్యలేదేమో అనిపిస్తాయి. సీమ ఎండలో జీలకర్ర గులాబీ జోలికి పోకుండా ఉండడమే మంచిది.

ఇంట్లోవాళ్లను అడగండి, కానీ "బాగుందా?" అని అడగొద్దు, మొహమాటానికి బాగుందంటారు. "ఏం వాసనొస్తాంది?" అని అడగండి. "వానొచ్చినట్టుంది" అని అమ్మ అంటే దారిలో ఉన్నట్టే. "అగరబత్తి వెలిగించినావా?" అంటే అగరు ఎక్కువైంది. "సబ్బు మారిచినావా?" అంటే మట్టి తక్కువైంది.

ఒంటికి పడుతుందో లేదో కూడా అప్పుడే చూడాలి. మోచేతి లోపలి వైపు చుక్క రాసి 24 గంటలు ఆగండి. దురద, దద్దుర్లు వస్తే వదిలెయ్యండి.

పూసుకోవడం

స్నానం చేసి, తుడుచుకుని, ఒళ్లు ఇంకా కొంచెం చెమ్మగా ఉన్నప్పుడు పూసుకుంటే ఎక్కువసేపు నిలుస్తుంది. మన పొడి గాలికి ఒళ్లు పగిలి ఉంటే సెంటు అరగంటలో ఎగిరిపోతుంది. ముందు వాసన లేని వ్యాస్‌లైన్ పలచగా రాసి దాని మీద పూసుకోండి. కొబ్బరినూనె వద్దు, దాని వాసన గులాబీని మింగేస్తుంది.

స్ప్రే అయితే జానెడు దూరం నుంచి, ఛాతీ మీద ఒకటి, మెడ వెనక ఒకటి. ఎండాకాలం ఒక్కటే చాలు. మణికట్లు రుద్దుకునే అలవాటు మానుకోండి, రాపిడి వేడికి పై వాసన తొందరగా పోతుంది. ఎండ తగిలే చోట మాత్రం అస్సలు వద్దు. బెర్గమోట్ లాంటి నిమ్మజాతి నూనెలున్న సెంటు పూసుకుని ఎండలో తిరిగితే నల్ల మచ్చలు పడొచ్చు. సీమలో బట్ట కప్పే చోటే సెంటుకు చోటు.

అత్తరుకు పాత పద్ధతే బాగుంది. చిన్న దూది ఉండకు ఒక చుక్క తాకించి చెవి పైమడతలో పెట్టుకోవడం. ఒంటికి రాసుకునే పని లేదు, ఎండ తగలదు, తల తిప్పినప్పుడల్లా సన్నగా వాసన వస్తుంది. దూది నచ్చకపోతే చెవి వెనక, మోచేతి మడతలో ఒక్కో చుక్క. బట్టల మీద రాయాలంటే లోపలి బనియను అంచుకో, ముదురు రంగు నూలు బట్టకో రాయండి. తెల్ల చొక్కా, పట్టుచీర, పట్టుపంచె దగ్గరికి అత్తరు పోనివ్వొద్దు, ఆ జిడ్డు వదలదు.

గంట తర్వాత మీ సెంటు మీకే రాకపోతే ఇంకో రెండుసార్లు కొట్టుకోవద్దు. మీ ముక్కు దానికి అలవాటు పడింది, పక్కవాళ్లకు వస్తూనే ఉంటుంది.

తక్కువ డబ్బుతో ఇంట్లోనే

ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన దారి. ఒక పావు తులం గులాబీ అత్తరు, ఒక పావు తులం మట్టి లేదా ఖస్ అత్తరు విడివిడిగా కొనండి. ముందే ఒకే సీసాలో కలిపేయొద్దు, నిష్పత్తి తప్పితే వెనక్కి తీసుకోలేం. ఒంటి మీదే కలపాలి. ముందు మట్టి ఒక చుక్క రాసి అయిదు నిమిషాలు ఆరనిచ్చి, దాని మీద గులాబీ. మట్టి అత్తరు మెత్తనిది కాబట్టి దానికి గులాబీ సగం చుక్క సరిపోతుంది. ఖస్ ఘాటైనది, దాన్ని చుక్కలో సగం తీసుకుని గులాబీ నిండు చుక్క వెయ్యండి. నాగర్‌మోతా దొరికితే సూది మొనకు అంటినంతే చాలు.

కడప, రాయచోటి వైపు చాలా ఇళ్లలో కువైట్ నుంచి వచ్చినవాళ్లు ఇచ్చిన ఊద్ గులాబీ సీసా ఒకటైనా ఉంటుంది. ఘాటుకు భయపడి బీరువాలో పడేసి ఉంటారు. దాన్ని అట్లనే పూసుకోకుండా, మట్టి అత్తరు రాసిన చోట పుల్లతో తాకించి చూడండి. ఆ ఘాటు లొంగుతుంది.

ఏ కాలానికి, ఏ చోటుకి

అత్తరు అంగళ్లవాళ్లు తరతరాలుగా చెప్పేది ఇదే: ఎండాకాలం ఖస్, గులాబ్, మిట్టీ, చలికాలం మసాలా దినుసులతో తీసే షమామా, హీనా అత్తర్లు, ఊద్. మార్చి నుంచి జూన్ దాకా వట్టివేరు గులాబీ, పొద్దున పూట. వానల్లో గాలి చెమ్మగా ఉండి వాసనను ఎక్కువ దూరం మోస్తుంది, కాబట్టి మోతాదు తగ్గించాలి. డిసెంబరు, జనవరిలో సాయంత్రాలకు పచౌలీ, అగరు.

పల్లెవెలుగు బస్సులో ముగ్గురు కూర్చునే సీట్లో పోయే రోజు, ఆసుపత్రికి రోగిని చూడబోయే రోజు ఏమీ పూసుకోవద్దు. ఆయాసం ఉన్నవాళ్లకు సెంటు వాసన ఇబ్బంది పెడుతుంది. ఆల్కహాలు వద్దనుకునేవాళ్లు గుడికైనా మసీదుకైనా అత్తరే వాడుకోవచ్చు. పెండ్లికి తలనిండా మల్లెలు పెట్టుకుంటే ఆ రోజు గులాబీకి సెలవు ఇవ్వండి, రెండూ కొట్లాడుకుంటాయి.

దాచుకోవడం

సెంటుకు శత్రువులు వేడి, వెలుతురు, గాలి. రేకుల కప్పు కింద గదిలో, కిటికీ పక్కన, బండి డిక్కీలో పెట్టొద్దు. పెట్టెలోనే ఉంచి, ఇంట్లో చల్లటి గదిలో, నేలకు దగ్గరగా ఉన్న అలమారులో పెట్టండి. స్ప్రే మూడు నాలుగేళ్లు బాగానే ఉంటుంది. గంధం మీద తీసిన అసలు అత్తరు ఏళ్లు గడిచేకొద్దీ మెత్తబడుతుంది, తొందరపడి అవజేయక్కర్లేదు. ఆవిరి పట్టి తీసిన అసలు గులాబీ నూనె మీ దగ్గరుంటే, చలికాలం తెల్లవారుజామున సీసాలో సన్నటి పలుకులు కనిపించొచ్చు. చెడిపోయిందని పారబోయొద్దు. అరచేతిలో కాసేపు పట్టుకుంటే కరిగిపోతాయి, ఆ తర్వాత మూత తీయండి.